చువాన్‌జౌ ఎలాంటి ఊరు? 3 నెలలు ఉండబోయే తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ కంపెనీలో ఉద్యోగం, 3 నెలలు చైనాలో చువాన్‌జౌకి వెళ్లమన్నారు, నెట్‌లో వెతికితే షాంఘై, బీజింగ్ కబుర్లే వస్తున్నాయి. ‘ఇదేదో చిన్న ఊరట, అక్కడ ఏముంటుంది, జనం ఎలా ఉంటారు, నేను వెజిటేరియన్‌ని, తిండి దొరుకుతుందా’ అని టెన్షన్ పడుతున్నావు. చీమకుర్తి బ్లాకుల పని మీద నేను 2008 నుంచి ఆ ఊరికి వెళ్లొస్తున్నాను. మొదట్లో నాకూ అది ఒక ఫ్యాక్టరీల ఊరే. ఇప్పుడు చైనాలో నాకు బాగా ఇష్టమైన ఊరు ఏదంటే అదే పేరు చెబుతాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ‘చిన్న ఊరు’ సంగతి. చైనాలో నగరం అంటే మన లెక్కలో జిల్లా లాంటిది. చువాన్‌జౌ పరిధి మొత్తం కలిపితే 2020 జనాభా లెక్కల్లో 88 లక్షల దాకా ఉన్నారు. కానీ నడిమధ్య పాత ఊరు ఉందే, అది నడిచి చూసేంత. చుట్టూ జిన్‌జియాంగ్, షీషీ, నాన్‌అన్, హుయీఆన్, అన్‌షీ, యోంగ్‌చున్, దెహువా అని ఊళ్లు, ఒక్కో ఊరికి ఒక్కో పని. మనకు చీరాల అంటే చేనేత, నరసాపురం అంటే లేసు, కొండపల్లి అంటే బొమ్మలు ఎలాగో, అక్కడ జిన్‌జియాంగ్ అంటే బూట్లు, షీషీ అంటే రెడీమేడ్ బట్టలు, దెహువా అంటే తెల్ల పింగాణీ, అన్‌షీ అంటే టీ, హుయీఆన్ అంటే రాతి చెక్కుడు. నువ్వు వెళ్లేది నాన్‌అన్‌లోని షుయితౌ అయి ఉంటుంది. రాళ్ల వ్యాపారం మొత్తం అక్కడే.

ఇది ఫుజియన్ రాష్ట్రం, చైనాకి ఆగ్నేయ తీరం. సముద్రానికి అవతల తైవాన్. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఊరి ఆర్థిక చరిత్ర సగం అర్థమవుతుంది. 1949 తర్వాత కిన్‌మెన్ దీవి తైవాన్ చేతిలోనే ఉండిపోయింది, ఇప్పటికీ ఉంది. జిన్‌జియాంగ్ తీరంలో వెయ్‌తౌ అనే పల్లె నుంచి చూస్తే ఆ దీవి దాదాపు 10 కిలోమీటర్లు. 1958లో ఇటు నుంచి అటు ఫిరంగి గుండ్లు కురిశాయి. ఎప్పుడు యుద్ధం వస్తుందో తెలియని చోట ప్రభుత్వం పెద్ద ఫ్యాక్టరీలు పెట్టదు కదా. ఉక్కు కర్మాగారాలు, మోటారు ఫ్యాక్టరీలు వేరే రాష్ట్రాలకు పోయాయి. భూమి చూస్తే తక్కువ, ఇసుక నేల, కొండలు. మిగిలింది రెండే: ఇంటిల్లిపాదీ కష్టపడటం, విదేశాల్లో ఉన్న బంధువులు.

ఆ బంధువుల కథ చాలా పాతది. ఈ తీరం వాళ్లు ఫిలిప్పీన్స్, మలయా, సింగపూర్, ఇండోనేషియాలకు తరాలుగా వలస పోయారు. అక్కడి నుంచి డబ్బూ ఉత్తరమూ కలిపి ఒకే కవరులో పంపేవాళ్లు. వాటిని ‘చియావోపీ’ అంటారు. 2013లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. వాటిలో కొన్నిటిని ప్రదర్శనలో చూశాను. నాకు చైనీస్ చదవడం రాదు, పక్కనున్న కుర్రాడు చదివి చెప్పాడు: ఇంత డబ్బు పంపుతున్నాను, ఇంత అమ్మకి, ఇంత అన్నకి, పిల్లాడిని బడి మాన్పించొద్దు. మన కరీంనగర్, జగిత్యాల వైపు గల్ఫ్ నుంచి వచ్చిన ఉత్తరాలు ఎవరైనా దాచి ఉంటే అచ్చం ఇలాగే ఉంటాయి.

1978 తర్వాత ప్రభుత్వం తలుపులు తీయగానే ఆ డబ్బు, ఖాళీగా ఉన్న పెద్ద ఇళ్లు, పని కావాల్సిన చేతులు ఒకచోట కలిశాయి. వసారాల్లో కుట్టుమిషన్లు పెట్టి చెప్పులు, చొక్కాలు కుట్టడం మొదలుపెట్టారు. మొదట్లో నాసిరకం సరుకూ వచ్చింది. 1985లో జిన్‌జియాంగ్ నకిలీ మందుల వ్యవహారం చైనా మొత్తాన్ని కుదిపేసింది. పుట్టగొడుగుల్లాంటి తెల్ల ఫంగస్‌ను చక్కెరతో కలిపి మందని అమ్మారు. ఆ దెబ్బకి ఊరి పేరు చెబితే సరుకు కొనని రోజులొచ్చాయని అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ బాధగా చెబుతారు. నాణ్యత, బ్రాండు అనే మాటలు వాళ్ల నోట అంత గట్టిగా రావడానికి ఆ అవమానం కూడా ఒక కారణమని నా నమ్మకం.

అక్కడి నుంచి వాళ్లు ఎక్కిన మెట్లు చూడు. జిన్‌జియాంగ్‌లో చెన్‌దాయ్ అని ఒక పట్నం ఉంది, వీధి వీధంతా బూట్ల పనే. సోల్ ఒకరు, లేసు ఒకరు, జిగురు ఒకరు, అచ్చు ఒకరు. బూటుకి కావాల్సినవన్నీ చుట్టుపక్కలే దొరుకుతాయి. 1991లో మొదలైన ఆంటా కంపెనీ ఈ ఊరిదే. 2019లో అది మరికొందరితో కలిసి అమెర్ స్పోర్ట్స్ అనే ఫిన్లాండ్ కంపెనీని కొనేసింది. టెన్నిస్ రాకెట్ల విల్సన్, కొండలెక్కేవాళ్ల బట్టల ఆర్క్‌టెరిక్స్ ఆ కొనుగోలుతో వచ్చినవే. 361 డిగ్రీస్, ఎక్స్‌టెప్, పీక్ కూడా ఈ ప్రాంతం బ్రాండ్లే. శానిటరీ న్యాప్‌కిన్లు, పిల్లల డైపర్లు చేసే హెంగాన్ 1985లో జిన్‌జియాంగ్‌లోనే పుట్టింది. చువాన్‌జౌ మొత్తం ఉత్పత్తి విలువ 2020లో లక్ష కోట్ల యువాన్లు దాటింది. ఆ ఏడాది మన ఆంధ్రప్రదేశ్ మొత్తం లెక్కతో ఇంచుమించు సమానం. 22 ఏళ్లు వరసగా ఫుజియన్‌లో మొదటి స్థానం ఈ ఊరిదే, 2021లో రాజధాని ఫుజౌ దాటేసింది. ఇందులో ఎక్కువ భాగం సొంత వ్యాపారాలదే, ప్రభుత్వ కంపెనీల వాటా కొంచెమే.

ఇక మన రాళ్ల సంగతి. షుయితౌలో ఏ షోరూంలోకి వెళ్లినా ఏదో ఒక మూల చీమకుర్తి కనబడుతుంది. నల్ల రాతి మీద బంగారు చుక్కలు, మన గెలాక్సీ. కరీంనగర్ నుంచి కాకినాడ రేవు మీదుగా వెళ్లిన టాన్ బ్రౌన్ గ్రానైట్ కూడా ఉంటుంది. బ్రెజిల్, టర్కీ, ఇరాన్, ఇటలీ రాళ్లన్నీ ఆ రోడ్ల పక్కనే పేర్చి ఉంటాయి. మనం బ్లాకు పంపుతాం, వాళ్లు కోసి, పాలిష్ పెట్టి, స్లాబు చేసి, కొంత తమ దేశంలో, కొంత బయట అమ్ముతారు. రాయి మనది, అందులో ఎక్కువ డబ్బు మిగిలే పని వాళ్లది. ఇది ఇన్నేళ్లుగా నన్ను బాధపెడుతున్న విషయం. కానీ వాళ్ల పనితనం చూసినప్పుడు ఎందుకలా జరిగిందో తెలుస్తుంది. ముక్క కూడా వృథా పోనివ్వరు. పెద్దవి స్లాబులు, చిన్నవి మెట్లు, ఇంకా చిన్నవి ఫుట్‌పాత్ అంచులు, మొజాయిక్. హుయీఆన్ వాళ్లయితే జపాన్‌కి సమాధి రాళ్లు చెక్కి పంపుతారు.

అక్కడ నేను నేర్చుకున్న ఒక్క పని చెబుతాను, నీకు అవసరం పడుతుంది. 2011లో ఒక కొనుగోలుదారు మన 4 బ్లాకుల్లో పగుళ్లున్నాయని ఫోన్ చేశాడు. నేను లేవన్నాను, ఇక్కడ మార్కింగ్ చేసింది నేనే మరి. వెళ్లాను. వెళ్లగానే గొడవ పడతాడనుకుంటే టీ బల్ల ముందు కూర్చోబెట్టాడు. రెండు గంటలు టీ. మా పిల్లలేం చదువుతున్నారు, ఒంగోలులో వానలు పడ్డాయా, ఇవే మాటలు. తర్వాత లేచి గ్యాంగ్‌సా (బ్లాకుని స్లాబులుగా కోసే పెద్ద రంపం మిషను) దగ్గరికి తీసుకెళ్లి, కోసిన స్లాబు మీద బకెట్టు నీళ్లు పోసి ‘ఆగు’ అన్నాడు. ఇద్దరం నిలబడి చూస్తున్నాం. పై తడి ఆరుతూ వస్తోంది, ఒక మూల నుంచి వెంట్రుకంత నల్ల గీత మాత్రం తడిగానే ఉండిపోయింది. పగులు నీళ్లని పట్టి ఉంచుతుంది కదా, అది ఆరడం ఆలస్యం. ఇక్కడ మేమూ నీళ్లు పోసే చూస్తాం, కానీ పూర్తిగా ఆరేదాకా ఓపిక పట్టం. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. డబ్బు వెనక్కి అడగలేదు, తర్వాత లోడులో తగ్గించమన్నాడు. ఇప్పటికీ మా దగ్గరే కొంటాడు. కాబట్టి నువ్వు అక్కడ బేరం ఆడాల్సి వస్తే మొదటి గంటలో రేటు ఎత్తకు. కప్పు ఖాళీ అయిన ప్రతిసారీ నింపుతారు, వద్దనకు. రెండు వేళ్లతో బల్ల మీద నెమ్మదిగా తడితే థాంక్స్ చెప్పినట్టు.

ఒక హెచ్చరిక కూడా. ఇప్పుడు పాత రోజులు కావు. 2021 నుంచి చైనాలో ఇళ్ల నిర్మాణం బాగా దెబ్బతింది, కట్టడాలు తగ్గితే రాయి అమ్మకం తగ్గుతుంది. పైగా ఫ్యాషన్ గ్రానైట్ నుంచి పాలరాయికి, ఫ్యాక్టరీలో కాల్చి చేసే పెద్ద పింగాణీ పలకలకు మారింది. షుయితౌలో మూతపడ్డ షట్టర్లు చూస్తావు. మార్చిలో పక్క నగరం షియామెన్‌లో జరిగే స్టోన్ ఫెయిర్ దొరికితే మాత్రం వదులుకోకు, వ్యాపారం ఎటు పోతోందో ఆ 4 రోజుల్లో తెలిసిపోతుంది.

టీ మాట వచ్చింది కాబట్టి ఇది వినాలి. మనం ఆంధ్రాలో ‘టీ’ అంటాం, హైదరాబాద్ వెళితే ‘చాయ్’ అంటాం. చైనాలో చాలా చోట్ల ‘చా’ అంటారు. నేల దారిన పర్షియా మీదుగా వచ్చింది ‘చాయ్’. ఈ చువాన్‌జౌ, షియామెన్ తీరం వాళ్ల సొంత భాష మిన్నాన్‌లో దాని పేరు ‘తె’. డచ్ ఓడల మీద యూరప్‌కి వెళ్లి, ఇంగ్లీషులో కలిసి, మన నోట ‘టీ’ అయింది ఆ మాటే. అన్‌షీ కొండల్లో పండే తియెగ్వాన్‌యిన్ టీ తాగేటప్పుడు ఈ సంగతి చెప్పు, వాళ్ల ముఖం వెలిగిపోతుంది. పాలూ చక్కెరా ఉండవు. మొదటిసారి పోసిన నీళ్లు పారబోస్తారు, రెండోది నుంచి తాగుతారు. నాకు అలవాటు పడటానికి మూడు ట్రిప్పులు పట్టింది.

ఇప్పుడు నేను ఈ ఊరిని ఎందుకు ప్రేమిస్తానో చెబుతాను. నా రెండో ట్రిప్పులో ఒక ఆదివారం డ్రైవరు నన్ను పాత ఊళ్లోని కైయువాన్ గుడికి తీసుకెళ్లాడు. 686లో కట్టిన బౌద్ధ ఆలయం. ముందు రెండు రాతి గోపురాలు, తూర్పుది 48 మీటర్లు, రెండూ 13వ శతాబ్దంలో పూర్తయినవి. చెక్కతో కట్టినట్టే దూలాలు, చూరులు, అన్నీ రాయే. 1604లో పెద్ద భూకంపం వచ్చినా నిలబడ్డాయి. రాయి మీద బతికేవాడిని కదా, చాలాసేపు అలా తల ఎత్తి చూస్తూ ఉండిపోయాను. పడమటి గోపురం మీద కోతి ముఖం వీరుడొకడున్నాడు, హనుమంతుడి పోలిక అనేవాళ్లూ ఉన్నారు.

అసలు విషయం ప్రధాన మందిరం వెనక. అక్కడ రెండు స్తంభాలున్నాయి, గుండ్రటి చట్రాల్లో బొమ్మలు. దగ్గరికెళ్లి చూస్తే హిరణ్యకశిపుడిని చీలుస్తున్న నరసింహస్వామి! పక్కన రెండు చెట్ల మధ్య చిన్ని కృష్ణుడు. ఇంకోచోట మొసలి పట్టిన ఏనుగు, గజేంద్ర మోక్షం. నాకు ఒళ్లు జలదరించింది. డ్రైవరుకి అది ఏంటో తెలియదు, నేను సైగలతో, ఫోన్‌లో అనువాదంతో కథ చెప్పాను. 13వ శతాబ్దంలో ఇక్కడ తమిళ వర్తకులు శివాలయం కట్టుకున్నారు. 1281 నాటి తమిళ శాసనం దొరికింది, చివర చైనా అక్షరాలు కూడా ఉన్నాయి. ఆ కోవెల పడిపోయాక దాని రాళ్లు ఊరంతా చెదిరాయి, కొన్ని ఈ బౌద్ధ గుడిలో చేరాయి. మిగతా రాళ్లు చాలావరకు సముద్ర చరిత్ర మ్యూజియంలో చూడొచ్చు. శివలింగానికి ఏనుగు పూజ చేస్తున్న పలక ఒకటుంది, చూడగానే శ్రీకాళహస్తి గుర్తొస్తుంది. జిన్‌జియాంగ్ దగ్గర చెదియన్ అనే పల్లెలో మన దేశపు దేవత విగ్రహాన్ని గ్వాన్‌యిన్ (చైనా బౌద్ధుల కరుణా దేవత) అనుకుని ఇప్పటికీ అగరొత్తులు వెలిగించి మొక్కుతున్నారు.

ఆ వర్తకుల కాలంలో చువాన్‌జౌ పేరు జైతూన్. ఊరంతా పెంచిన బాడిద చెట్టు పేరు చైనా భాషలో ‘త్సితోంగ్’, అరబ్బు నావికుల నోట అదే జైతూన్ అయిందంటారు. అరబ్బులు, పర్షియన్లు, తమిళులు, అర్మీనియన్లు, అందరూ ఉండేవాళ్లు. 1009లో కట్టిన చింగ్‌జింగ్ మసీదు గోడలు నిలిచే ఉన్నాయి. పర్షియా వైపు పుట్టిన మానీ మతం ప్రపంచంలో అంతా అంతరించినా, దాని ప్రవక్త విగ్రహం 1339లో చెక్కింది ఇక్కడి చావ్‌ఆన్ గుడిలో పూజలందుకుంటోంది. చెన్‌దాయ్‌లో బూట్లు కుట్టే డింగ్ ఇంటిపేరు వాళ్ల పూర్వీకులు పడమటి నుంచి వచ్చిన ముస్లిం వర్తకులు. ఆంటా వాళ్ల ఇంటిపేరు కూడా డింగే. యోంగ్‌చున్‌లో అగరొత్తులు చేసే పూ వంశం వాళ్లదీ అలాంటి కథే. 1974లో రేవు బురదలో దొరికిన సోంగ్ రాజుల కాలపు ఓడలో మిరియాలు, సుగంధపు చెక్కలు ఉన్నాయి. ఆ ఓడ అడుగుభాగం 13 గదులుగా విడగొట్టి ఉంది, ఒక గదికి చిల్లు పడి నీళ్లొచ్చినా మిగతావి తేలుతాయి. ఈ గుళ్లు, మసీదు లాంటివి కలిపి 22 చోట్లని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా ప్రకటించింది.

మన ఒంగోలు వాళ్లకి ఇంకో దగ్గరి లంకె. మార్కో పోలో చైనా వదిలి ఓడ ఎక్కింది ఈ జైతూన్‌లోనే. అతని రాతల్లో మన మోటుపల్లి కూడా ఉంది, రాణి పాలన గురించి రాశాడు. అంటే మన రుద్రమదేవి. మోటుపల్లిలో గణపతిదేవుడు వేయించిన అభయశాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల్లో చీని కర్పూరం పేరుంది. చీమకుర్తి నుంచి మోటుపల్లి ఎంత దూరమని! మన బ్లాకులు ఈరోజు వెళ్లే దారిలో 750 ఏళ్ల కిందటే సరుకు వచ్చి పోయేది. నేను ఇది చెబితే షుయితౌలో ఒక పెద్దాయన లేచి నాకు మళ్లీ టీ పోశాడు.

మనుషుల గురించి అడిగావు. పూజలు, జాతర్లు ఎక్కువ. సముద్ర దేవత మాజుకి, గ్వాన్‌దీ దేవుడికి దణ్ణం పెట్టకుండా షాపు తెరవని వాళ్లు చాలామంది. సాయంత్రం వేళ నాన్‌యిన్ సంగీతం వినిపిస్తుంది, యునెస్కో 2009లో గుర్తించిన పాత సంగీతం. వీణలాంటి వాయిద్యాన్ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, తొందర లేకుండా, ముసలివాళ్లు కూడా పాడతారు. తాళ్లతో ఆడించే బొమ్మలాట కూడా వీలైతే చూడు, బొమ్మ చేత చేతిరాత రాయిస్తారు. షున్‌పు అనే చేపలవాళ్ల పేట ఉంది. ఇళ్ల గోడలకి పెద్ద పెద్ద ఆల్చిప్పలు తాపడం చేసి ఉంటాయి. ఆడవాళ్లు ముడి చుట్టూ మల్లెమొగ్గల దండలు వలయాలుగా చుట్టి, మధ్యలో పుల్ల గుచ్చుతారు. ముసలమ్మలు చేపల గంప దగ్గర కూర్చున్నా తల నిండా పూలే. 2023 నుంచి దేశం నలుమూలల అమ్మాయిలొచ్చి అలా పూలు పెట్టించుకుని ఫొటోలు దిగుతున్నారు. మా ఆవిడకి వీడియో కాల్‌లో చూపిస్తే, ఆ దండ కట్టే పద్ధతి దగ్గరగా చూపించమని ఒకటే గొడవ. హుయీఆన్ ఆడవాళ్లు పసుపు రంగు టోపీ, పూల తలగుడ్డతో రాళ్లు కూడా మోసేవాళ్లు. ఇప్పుడది పెద్దవాళ్లలోనే కనబడుతుంది.

తిండి మాత్రం నీకు కష్టమే, దాచను. సముద్రం పక్క ఊరు. పొద్దున్నే తినే సన్న సేమియా జావలో కూడా మాంసమో రొయ్యో ఉంటుంది. ‘వో చీ సూ’ అని నేర్చుకో, శాకాహారినని అర్థం. గుళ్ల దగ్గర శాకాహార హోటళ్లు ఉంటాయి. వేరుశనగల తియ్యటి సూపు దొరుకుతుంది, మెత్తగా ఉడికిన పప్పు, చాలా బాగుంటుంది. చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, గోంగూర పచ్చడి తీసుకెళ్లు. వాట్సాప్, గూగుల్ పనిచేయవు, ఇక్కడే వీచాట్, అలీపే పెట్టుకుని కార్డు కలుపుకో. జులై నుంచి సెప్టెంబరు దాకా తుపాన్లు, 2023 జులైలో డోక్సూరి నేరుగా జిన్‌జియాంగ్ దగ్గరే తీరం దాటింది. ఒంగోలు వాడివి, నీకు అది కొత్త కాదు. వసంతంలో గోడలు చెమర్చేంత తేమ, బట్టలు ఆరవు.

షుయితౌలో నీ ఆఫీసు ఎక్కడున్నా, అన్‌పింగ్ వంతెన దగ్గరే ఉంటుంది. 1138లో మొదలుపెట్టి 1152కి పూర్తి చేశారు, 2 కిలోమీటర్లకు పైగా పొడవు, అంతా గ్రానైట్, ఒక్కో దూలం 25 టన్నుల దాకా. అప్పట్లో క్రేన్లు లేవు. దూలాన్ని తెప్ప మీద పెట్టి, పోటు వచ్చినప్పుడు స్తంభాల మధ్యకి తెచ్చి, ఆటుకి నీళ్లు తగ్గుతుంటే రాయి దానంతటదే కిందికి దిగి కూర్చునేలా చేశారంటారు. దీనికంటే పాతదైన లోయాంగ్ వంతెనకి పునాది రాళ్ల మీద ఆల్చిప్పలు పెంచి అతికించారు. అన్‌పింగ్ వంతెనకి ఒక చివర అన్‌హాయ్ అనే ఊరు, రెండో చివర మీ షుయితౌ. మొదటి వారంలోనే ఒక సాయంత్రం, ఎండ తగ్గాక, చెప్పులు విప్పి దాని మీద నడువు. దాదాపు 900 ఏళ్లుగా జనం నడిచి నడిచి రాయి అరిగి నున్నబడింది, ఏ మిషనూ అలాంటి పాలిష్ ఇవ్వలేదు. వీసా, టికెట్ విషయాల్లో ఏమైనా కావాలంటే మళ్లీ అడుగు తమ్ముడూ.